స్టిలియాన్ పెట్రోవ్ కేస్ స్టడీ: ఒకే మిడ్‌ఫీల్డర్, మూడు స్థానాలు

బల్గేరియా మిడ్‌ఫీల్డర్ అనగానే ఫుట్‌బాల్ చూసేవాళ్లకు 1994 ప్రపంచకప్ గుర్తొస్తుంది. జర్మనీని ఇంటికి పంపి నాలుగో స్థానంలో నిలిచిన ఆ జట్టులో క్రాసిమిర్ బలకోవ్, యోర్డాన్ లెచ్‌కోవ్ ఉన్నారు. వాళ్ల ఆట చూడముచ్చటగా ఉంటుంది గానీ పిల్లలకు ఆట నేర్పేవాళ్లకు అందులో పట్టుకోడానికి దొరికేది తక్కువ. బలకోవ్‌కి ఆ ఎడమకాలు ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాతి తరంలో వచ్చిన స్టిలియాన్ పెట్రోవ్ సంగతి వేరు. అతను ఎక్కడ ఆగిపోయాడో, ఎవరు ఏం మారిస్తే కదిలాడో, గోల్స్ ఎందుకు వచ్చాయో, ఎందుకు తగ్గాయో అన్నీ విప్పి చూడొచ్చు. యూత్ కోచ్‌కి కావాల్సింది అలాంటి కెరీరే.

ఇందులో మూడు దశలున్నాయి. 20 ఏళ్ల వయసులో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో రైట్‌బ్యాక్‌గా, అంటే కుడి అంచు డిఫెండర్‌గా, పడ్డ అవస్థ మొదటిది. కోచ్ మార్టిన్ ఓనీల్ చేతిలో పడి, బాక్స్‌లోకి (గోల్ ముందున్న పెనాల్టీ ప్రాంతంలోకి) ఆలస్యంగా చేరి గోల్స్ కొట్టే మిడ్‌ఫీల్డర్‌గా మారడం రెండోది. ఇంగ్లండ్ క్లబ్ ఆస్టన్ విల్లాలో డిఫెన్స్ ముందు నిలబడే కెప్టెన్‌గా స్థిరపడటం మూడోది. ఆటగాడు ఒకడే. అతని చుట్టూ ఎవరున్నారు, అతను వెళ్తే వెనక ఎవరు ఆగుతున్నారు అన్నదాన్ని బట్టి ఆట మారిపోయింది.

మోంటానా నుంచి సోఫియా దాకా

పెట్రోవ్ 1979 జూలై 5న వాయవ్య బల్గేరియాలోని మోంటానాలో పుట్టాడు. సొంతూరి క్లబ్‌లో మొదలుపెట్టి, ఇరవై నిండకముందే రాజధానిలోని సీఎస్‌కేఏ సోఫియా మొదటి జట్టులో ఆడాడు. 1998 చివర్లో జాతీయ జట్టులోకి వచ్చాడు, 1999లో సీఎస్‌కేఏతో బల్గేరియన్ కప్ గెలిచాడు. ఆ ఏడాదే స్కాట్లాండ్‌లోని సెల్టిక్ అతన్ని కొనుక్కుంది.

అప్పటి బల్గేరియా ఫుట్‌బాల్ పరిస్థితి కూడా తెలియాలి. సోషలిస్టు కాలంలో సీఎస్‌కేఏ సైన్యం క్లబ్. కుర్రాళ్లను వెతకడం, హాస్టల్, తిండి, శిక్షణ అన్నీ ప్రభుత్వ ఖర్చుతో నడిచేవి. 1989 తర్వాత ఆ డబ్బు పోయింది. క్లబ్బులు బతకాలంటే మంచి కుర్రాణ్ని తొందరగా అమ్ముకోవాలి. దాంతో 19, 20 ఏళ్లకే, ఇంకా పూర్తిగా తయారు కాకుండానే, పిల్లలు పరాయి దేశం చేరేవాళ్లు. అలా వెళ్లినవాళ్లలో పెట్రోవ్ ఒకడు. (హైదరాబాద్‌కు బల్గేరియాతో పాత లెక్కొకటి ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టు కాంస్యం కోసం ఆడి 0-3తో ఓడింది ఈ బల్గేరియా చేతిలోనే.)

మొదటి దశ: రైట్‌బ్యాక్‌గా ఏం చెడింది

1999-2000లో సెల్టిక్ కోచ్ జాన్ బార్న్స్. ఆ సీజన్ క్లబ్‌కే అచ్చిరాలేదు. 2000 ఫిబ్రవరిలో స్కాటిష్ కప్‌లో ఇన్వర్నెస్ చేతిలో సొంత మైదానంలోనే 1-3తో ఓడటంతో బార్న్స్ ఉద్యోగం పోయింది. లీగ్‌లో గ్లాస్గోలోని ప్రత్యర్థి క్లబ్ రేంజర్స్ కంటే 21 పాయింట్లు వెనకబడ్డారు. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఇంగ్లీషు రాదు, ఇంటి మీద బెంగ, పైగా తనది కాని చోట, రైట్‌బ్యాక్‌గా, ఆడాల్సి వచ్చింది.

బాగా పరుగెత్తగల కుడికాలు మిడ్‌ఫీల్డర్‌ని రైట్‌బ్యాక్‌లో పెట్టడం కోచ్‌లు తరచూ చేసే పనే. ఊపిరి ఉంది, ట్యాకిల్ చేస్తాడు, పైకీ కిందికీ తిరుగుతాడు, ఇంకేం కావాలి అనిపిస్తుంది. చిక్కు కాళ్లలో ఉండదు, చూపులో ఉంటుంది. మిడ్‌ఫీల్డర్‌కి నాలుగు పక్కలా మనుషులుంటారు. బంతి వచ్చేలోపు రెండు భుజాల మీదుగా వెనక్కి చూసుకోవడం అతనికి అలవాటు. ఫుల్‌బ్యాక్‌కి, అంటే రైట్‌బ్యాక్ లాంటి అంచు డిఫెండర్‌కి, ఒక పక్క గీత ఉంటుంది, ఆట అంతా రెండో పక్కనే. అతను శరీరాన్ని మైదానం లోపలికి తెరిచి నిలబడాలి, తన వెనక ఖాళీని, పక్క సెంటర్‌బ్యాక్‌ని (మధ్యలో ఆడే డిఫెండర్‌ని), ఎదుటి వింగర్‌ని (అంచు వెంట దాడి చేసేవాణ్ని) ఒకే చూపులో పెట్టుకోవాలి. మిడ్‌ఫీల్డ్ అలవాటుతో ఆడేవాడు బంతి వైపు జారిపోతాడు. నాలుగైదు మీటర్లు లోపలికి జరిగిపోతాడు, వెనక పోస్టు దగ్గర వింగర్ ఒంటరిగా మిగులుతాడు. రెండుసార్లు అలా గోల్ పడితే కుర్రాడికి భయం పట్టుకుంటుంది. ఇక ఎటు చూసినా సేఫ్ పాసే. అతన్ని కొన్నది దేనికోసమో ఆ గుణమే మాయమవుతుంది.

15, 16 ఏళ్ల మిడ్‌ఫీల్డర్‌ని కొన్నాళ్లు ఫుల్‌బ్యాక్‌లో ఆడించడం తప్పు కాదు, లాభమే. కానీ ముందే చెప్పి ఆడించాలి: ఎన్ని మ్యాచ్‌లు, ఏం నేర్చుకోడానికి, ఎప్పుడు తిరిగి తన చోటికి వస్తాడు. నెలకు ఒకటి రెండు మ్యాచ్‌లు దాటకూడదు. కొత్త ఊరికొచ్చిన మొదటి ఆరు నెలల్లో అసలు చేయకూడదు. భాష, తిండి, వాతావరణం మారిన కుర్రాడికి మైదానంలో ఒక్కటైనా తెలిసిన చోటు ఉండాలి.

భాష సంగతి పెట్రోవ్ తనంతట తానే చక్కబెట్టుకున్నాడు. గ్లాస్గోలో ఒక స్నేహితుడి బర్గర్ వ్యాన్‌లో నిలబడి, వచ్చేపోయే జనంతో మాట్లాడుతూ ఇంగ్లీషు నేర్చుకున్నాడు. స్కాట్లాండ్ పత్రికలు దీన్ని సరదా కథగా చెబుతాయి. కోచ్ మాత్రం దీన్ని సరదాగా తీసుకోకూడదు. తరగతి గదిలో నేర్చుకునే ఇంగ్లీషుకీ, బాక్స్‌లో ఎవరో వెనకనుంచి అరిచే గ్లాస్గో యాసకీ సంబంధం ఉండదు. ఆర్డరు తీసుకునేవాడికి కావాల్సింది కూడా అదే: చప్పుడు మధ్యలో, వేగంగా, ముక్కలు ముక్కలుగా వచ్చే మాట పట్టుకోవడం.

మన దగ్గర్నుంచి గోవా, కేరళ, బెంగాల్ అకాడమీలకు వెళ్లే పిల్లలకూ ఇదే ఎదురవుతుంది. మొదటి రెండు వారాల్లో మైదానం మాటలు ముప్పై నలభై నేర్పితే సగం బెదురు పోతుంది. మ్యాన్ ఆన్, టర్న్, టైమ్, హోల్డ్, స్టెప్, డ్రాప్, సెకండ్ బాల్, అవే, స్విచ్ లాంటివి. కాగితం మీద రాసిస్తే సరిపోదు. 15 బై 15 మీటర్ల చతురస్రంలో నలుగురు బయట నిలబడి బంతి తిప్పుతుంటే ఇద్దరు లోపల ఉండి లాక్కోడానికి చూసే రోండో పెట్టి, పాస్ ఇచ్చేవాడు మాట చెబితేనే ఆ పాస్ లెక్కలోకి వస్తుందని నియమం పెట్టాలి. రోజుకు పది నిమిషాలు చాలు.

రెండో దశ: ఓనీల్ ఏం మార్చాడు

2000 వేసవిలో మార్టిన్ ఓనీల్ వచ్చాడు. పెట్రోవ్‌ని మిడ్‌ఫీల్డ్‌కి తెచ్చాడు. ఆగస్టు 27న రేంజర్స్ మీద సెల్టిక్ 6-2తో గెలిచిన మ్యాచ్‌లో రెండో గోల్ పెట్రోవ్‌దే, కార్నర్‌కి హెడర్ (తలతో కొట్టింది). ఆ సీజన్‌లో సెల్టిక్ లీగ్, స్కాటిష్ కప్, లీగ్ కప్ మూడూ గెలిచింది. స్కాట్లాండ్ ఆటగాళ్ల సంఘం ఇచ్చే యువ ఆటగాడి అవార్డు పెట్రోవ్‌కి వచ్చింది. ఒక విదేశీయుడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. ఏడాది క్రితం ఇంటికి పోతానన్న కుర్రాడు అతనే.

జట్టు అమరిక చూస్తే కారణం కనిపిస్తుంది. ఓనీల్ ఎక్కువగా 3-5-2 (ముగ్గురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డ్‌లో, ఇద్దరు ముందు) ఆడించాడు. ముందు హెన్రిక్ లార్సన్, క్రిస్ సట్టన్. వీళ్లిద్దరే ప్రత్యర్థి సెంటర్‌బ్యాక్‌లను కట్టిపడేసేవాళ్లు. సట్టన్ ఎత్తరి, బంతిని పట్టి నిలబెడతాడు. లార్సన్ ఎటు జారతాడో తెలియదు. గీతల వెంబడి పరుగెత్తి, అంచు నుంచి బాక్స్‌లోకి క్రాస్‌లు వేసే వింగ్‌బ్యాక్‌లు. మిడ్‌ఫీల్డ్‌లో పాల్ లాంబర్ట్, 2000 డిసెంబరు నుంచి నీల్ లెన్నన్ కూడా, వెనక ఆగేవాళ్లు. మూడోవాడు పెట్రోవ్. అతను వెళ్లినప్పుడు వెనక ఖాళీ అని భయపడాల్సిన పనిలేదు. ఎదుటి మిడ్‌ఫీల్డర్లు లాంబర్ట్, లెన్నన్‌ల పాస్‌లకు అడ్డు నిలవాలా, పెట్రోవ్ వెంట పరుగెత్తాలా తేల్చుకునేలోపు అతను బాక్స్‌లో ఉండేవాడు.

ఈ పద్ధతి స్కాట్లాండ్‌కే సరిపోయిందనుకోనక్కర్లేదు. 2003 ఫిబ్రవరిలో యూరప్ క్లబ్బుల టోర్నీ యుయెఫా కప్‌లో జర్మనీ క్లబ్ స్టుట్‌గార్ట్ మీద 3-1 గెలుపులో పెట్రోవ్ గోల్ ఉంది. అదే ఏడాది మే 21న సెవిల్లాలో ఫైనల్ ఆడాడు. జోసే మొరీన్యో కోచ్‌గా ఉన్న పోర్టో అదనపు సమయంలో 3-2తో గెలిచింది. ఏడు సీజన్లలో సెల్టిక్‌కి 60కి పైగా గోల్స్, నాలుగు లీగ్ టైటిళ్లు. పెనాల్టీలు తన్నే ఆటగాడు కాకుండా ఒక మిడ్‌ఫీల్డర్‌కి ఇది పెద్ద లెక్క.

ఆలస్యపు పరుగుని ఎలా నేర్పాలి

దీన్ని సహజ ప్రతిభగా వదిలేసే కోచ్‌లున్నారు. పరుగులో సహజమైనది వేగం ఒక్కటే. సమయం నేర్పితే వస్తుంది. లెక్క ఇది. పక్కగీత దగ్గర్నుంచి కొట్టిన క్రాస్ పెనాల్టీ స్పాట్ ప్రాంతానికి చేరడానికి సుమారు ఒకటిన్నర సెకను. గోల్ గీతకు 25 మీటర్ల దూరంలో ఉన్న మిడ్‌ఫీల్డర్ 11 మీటర్ల దగ్గరికి రావాలంటే 14 మీటర్లు పరుగెత్తాలి. అప్పటికే కదులుతున్న వాడికి రెండున్నర సెకన్లు పడుతుంది. అంటే వింగర్ కాలు బంతికి తగలడానికి ఒక సెకను ముందే ఇతను బయల్దేరాలి. క్రాస్ చూసి బయల్దేరినవాడు ఎప్పుడూ ఒక సెకను లేటే. మరి ఆ సెకను ముందు కనిపించే గుర్తు ఏమిటి? వింగర్ ఆఖరి టచ్‌తో బంతిని తన ముందుకు తోసుకోవడం, తల దించడం. మిడ్‌ఫీల్డర్ చూడాల్సింది బంతిని కాదు, వింగర్ తలని.

డ్రిల్ సగం మైదానంలో, గోల్‌కీపర్‌తో. దాడి చేసేవాళ్లు ఐదుగురు: ఇద్దరు స్ట్రైకర్లు, ఒక వింగర్, పరుగెత్తే మిడ్‌ఫీల్డర్, వెనక ఆగే మిడ్‌ఫీల్డర్. అడ్డుకునేవాళ్లు నలుగురు: ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు, ఒక ఫుల్‌బ్యాక్, ఒక మిడ్‌ఫీల్డర్. వెనక ఆగేవాడి దగ్గర బంతి మొదలవుతుంది, అతను వింగర్‌కి ఇస్తాడు. ఒక స్ట్రైకర్ దగ్గరి పోస్టు వైపు పరుగెత్తి సెంటర్‌బ్యాక్‌ని లాక్కెళ్లాలి, రెండోవాడు ఆరు గజాల పెట్టెలోకి. వీళ్లిద్దరి వెనక తెరుచుకునే చోటు, పెనాల్టీ స్పాట్ నుంచి వెనక పోస్టు దాకా, మిడ్‌ఫీల్డర్‌ది. మొదటి ఆరేడు మీటర్లు పూర్తి వేగం వద్దు, నూటికి డెబ్బై చాలు. మిగతాది పూర్తి బలంతో. దారి వంపుగా ఉండాలి: తనను కాపలా కాసేవాడు బంతి వైపు తల తిప్పిన క్షణంలో అతని వీపు వెనకనుంచి పోవాలి.

ఒక్కొక్కరికి ఆరు పరుగులు, మధ్యలో 45 సెకన్లు. అలా మూడు సెట్లు, సెట్‌కి సెట్‌కి మధ్య మూడు నిమిషాలు. వారానికి ఒకసారి, మరీ అయితే రెండుసార్లు, మ్యాచ్‌కి రెండు రోజుల ముందు ఆపేయాలి. గట్టి నేల మీద, క్రికెట్ పిచ్ పక్కన ఆడించే చోట, 18 పరుగులు ఎక్కువ. 12తో సరిపెట్టండి, లేకపోతే మడమలు, మోకాలి చిప్ప కింది భాగం నొప్పులతో కుర్రాళ్లు కుంటుతూ వస్తారు.

ఇందులో చెడేవి దాదాపు ప్రతి జట్టులోనూ ఒకటే. ఎక్కువమంది తొందరపడి వెళ్లి, పెనాల్టీ స్పాట్ దగ్గర నిలబడి క్రాస్ కోసం చూస్తారు. నిలబడ్డవాణ్ని కాపలా కాయడం ఎవరికైనా తేలికే. అలాంటివాడికి ‘ఆలస్యంగా వెళ్లు’ అని చెబితే బుర్రకెక్కదు. బాక్స్ గీత మీద ఒక కోన్ పెట్టి, వింగర్ బంతిని తోసేదాకా ఆ కోన్ దాటితే గోల్ చెల్లదని చెప్పాలి. రెండోది, వెనక ఆగాల్సినవాడికి కూడా గోల్ ఆశ పుట్టి అతనూ వెళ్లిపోవడం. దీనికి మందు స్కోరులోనే ఉంది: డిఫెండర్లు బంతి లాక్కుని ఆరు సెకన్లలో మధ్యగీత దాటితే వాళ్లకు రెండు గోల్స్. రెండుసార్లు అలా పోగానే ఆగాల్సినవాడు ఆగుతాడు. మూడోది, బలంగా కొట్టాలనే యావ. పరుగులో వచ్చేవాడికి బలం ఆ పరుగులోనే ఉంది. కాలి లోపలి భాగంతో దారి మళ్లిస్తే చాలు. హెడర్ అయితే కిందికి, కీపర్ వచ్చిన దిక్కుకు ఎదురుగా.

హెడర్ గురించి ఒక జాగ్రత్త. 2020 నుంచి స్కాట్లాండ్‌లో 12 ఏళ్లలోపు పిల్లలకు శిక్షణలో హెడింగ్ చేయించడం లేదు. మన దగ్గరా ఆ వయసు వాళ్లకు ఇదే డ్రిల్‌ని నేల మీద వెనక్కిచ్చే పాస్‌తో నడపొచ్చు. పరుగు సమయం నేర్చుకోడానికి తలతో పనిలేదు.

2001 మార్చిలో సెయింట్ జాన్‌స్టన్ మీద ఆడుతూ పెట్రోవ్ కాలు విరిగింది. సీజన్ చివరి భాగం, కప్ ఫైనల్ పోయాయి. తిరిగొచ్చాక అదే ఆట ఆడాడు. దీని మీద ఎక్కువ చెప్పడానికి లేదు. ఒక్క మాట: పరుగే ఆయుధంగా ఉన్నవాడికి కాలు విరిగితే, ఎముక అతికిన తేదీని చూసి ఆడించకూడదు. ఒక్కో కాలి మీద విడిగా ఒంటికాలి గెంతు దూరం కొలిచి, దెబ్బ తగిలిన కాలు రెండోదానికి నూటికి తొంభై వంతు కంటే తక్కువ వస్తే ఇంకా ఆగాలి.

మూడో దశ: విల్లాలో కిందికి దిగడం

2006 ఆగస్టు చివర్లో పెట్రోవ్ ఆస్టన్ విల్లాకు వెళ్లాడు. అక్కడా కోచ్ ఓనీలే. అందరూ సెల్టిక్ పెట్రోవ్ వస్తాడనుకున్నారు. రాలేదు. మొదటి సీజన్, రెండో సీజన్ ఆరంభం అభిమానులకు నచ్చలేదు. ఆటగాడు పాడైపోయాడన్న మాటలు వచ్చాయి.

అవి తొందరపాటు మాటలు. స్కాట్లాండ్‌లో ఎక్కువ మ్యాచ్‌లలో బంతి సెల్టిక్ దగ్గరే ఉంటుంది, ప్రత్యర్థి తన బాక్స్ ముందు గుమిగూడి ఉంటాడు. పరుగు 15 మీటర్లదే. ప్రీమియర్ లీగ్‌లో విల్లా లాంటి జట్టు సగం సేపు బంతి వెనక పరుగెత్తాలి. బాక్స్ చేరాలంటే 40, 50 మీటర్లు, తిరిగి రావడానికి మరో 50. వెనక ఆగడానికి లాంబర్ట్, లెన్నన్ ఇద్దరూ లేరు. నలుగురు మిడ్‌ఫీల్డర్లలో మధ్యన ఇద్దరే, ఒకడు వెళ్తే రెండోవాడు ఒంటరి. పక్కన గారెత్ బ్యారీ కూడా ముందుకు పోగలిగినవాడే.

చివరికి తేలింది ఏమిటంటే పెట్రోవ్ ఆగాలి, మిగతావాళ్లు పోవాలి. 2008-09లో డిఫెన్స్ ముందు నిలబడి, బంతి లాక్కుని ఆష్లీ యంగ్, గాబ్రియెల్ అగ్బోన్లాహోర్ లాంటి వేగమైనవాళ్లకు అందించే పని అతనిదైంది. ఆ సీజన్ అభిమానుల అవార్డు, తోటి ఆటగాళ్ల అవార్డు రెండూ అతనికే. మార్టిన్ లార్సెన్ గాయంతో 2009లో రిటైరయ్యాక కెప్టెన్సీ వచ్చింది. ఆ తర్వాతి సీజన్‌లో బ్యారీ మాంచెస్టర్ సిటీకి వెళ్లిపోతే జేమ్స్ మిల్నర్ మధ్యలోకి వచ్చాడు. మిల్నర్ పరుగెత్తాడు, పెట్రోవ్ ఆగాడు. ఒకప్పుడు లాంబర్ట్ తన కోసం చేసిన పనే ఇప్పుడు తను చేశాడు. 2010 ఫిబ్రవరి 28న వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్‌కి జట్టును నడిపించాడు, మాంచెస్టర్ యునైటెడ్ 2-1తో గెలిచింది. 2008, 2009, 2010 మూడేళ్లూ విల్లా ఆరో స్థానం. విల్లాలో అతని గోల్స్ మొత్తం కలిపినా డజను ప్రాంతమే. అంకెలు మాత్రమే చూసేవాడికి ఇది పతనంలా కనిపిస్తుంది.

ఆ డజనులో ఒకటి ప్రత్యేకంగా చూడాలి. 2008 ఏప్రిల్ 12న డెర్బీ మీద 6-0 గెలుపులో, మధ్యగీతకు కాస్త ముందు నుంచి, గాల్లో వచ్చిన బంతిని ఆపకుండా నేరుగా గోల్‌లోకి కొట్టాడు. వీడియోలు చూసే కుర్రాళ్లు కాలిని చూస్తారు. మీరు కాలిని వదిలేసి, బంతి తనవైపు రాకముందు అతను ఏం చూశాడో చూపించండి. కీపర్ గోల్ వదిలి ఉన్నాడన్న సంగతి బంతి అందాక తెలుసుకునే వ్యవధి లేదు. అది ముందే అతని తలలో ఉంది.

డిఫెన్స్ ముందు ఆడేవాడికి నేర్పాల్సింది కూడా ఈ చూపే. 20 బై 20 మీటర్లు, నలుగురికి నలుగురు, బంతి ఎవరి దగ్గరుంటే వాళ్లవైపు ఆడే ముగ్గురు తటస్థులు. తటస్థుల్లో ఇద్దరు ఎదురెదురు అంచుల మీద, ఒకడు మధ్యలో. మధ్యవాడే మనం తయారుచేస్తున్నవాడు. బంతి అతనివైపు ప్రయాణిస్తుండగా కోచ్ అతని వెనక రంగు బిబ్ (జెర్సీ మీద వేసుకునే పలచని చొక్కా) ఒకటి ఎత్తాలి. పాస్ ఇచ్చేలోపు ఆ రంగు చెప్పాలి. మొదట్లో అందరూ బంతి అందాక తల తిప్పుతారు. అప్పటికి మీద ఒకడు పడి ఉంటాడు. తల తిప్పాల్సిన సమయం బంతి తోటివాడి కాలు వదిలిన క్షణం. అందుకునే కాలు వెనకది, అంటే బంతి వచ్చే దిక్కుకి దూరంగా ఉన్నది. నాలుగు నిమిషాల ఆట, రెండు నిమిషాల విరామం, నాలుగు సార్లు. ఐదో సారికి మెదడు అలసి చూపు పోతుంది, ఆపేయండి.

ఇద్దరు మధ్య మిడ్‌ఫీల్డర్ల మధ్య దూరం కూడా గీసి చూపాలి. పక్కపక్కన ఒకే వరుసలో నిలబడితే ఒక్క పాస్‌తో ఇద్దరూ పోతారు. ఒకడు ఎనిమిది పది మీటర్లు ముందు, ఏటవాలుగా. ముందువాడు మీద పడితే వెనకవాడు కదలకూడదు. కుర్రాళ్ల మ్యాచ్‌లలో పడే గోల్స్ చాలావాటికి మూలం ఇక్కడే: ఇద్దరూ ఒకే బంతికి పోవడం.

జబ్బు

2012 మార్చి 24న ఆర్సెనల్‌తో మ్యాచ్ తర్వాత పెట్రోవ్‌కి జ్వరం వచ్చింది. రక్తపరీక్షలు చేశారు. మార్చి 30న క్లబ్ ప్రకటన: తీవ్రమైన ల్యుకేమియా (రక్త క్యాన్సర్). అప్పటికి వయసు 32. మర్నాడు చెల్సీతో మ్యాచ్‌లో 19వ నిమిషం రాగానే, అతని జెర్సీ నంబరు అది, మైదానమంతా లేచి నిమిషం పాటు చప్పట్లు కొట్టింది. ఆ అలవాటు తర్వాత మ్యాచ్‌లకూ కొనసాగింది. కీమోథెరపీ తర్వాత అదే ఏడాది జబ్బు అదుపులోకి వచ్చింది. 2013 మేలో రిటైర్మెంట్ ప్రకటించాడు. ఆనాటి విల్లా కోచ్ పాల్ లాంబర్ట్, సెల్టిక్‌లో అతని వెనక ఆగిన మనిషే. పెట్రోవ్ తన పేరుతో ఫౌండేషన్ పెట్టాడు. ఆ సెప్టెంబరులో సెల్టిక్ పార్క్‌లో దాని కోసం మ్యాచ్ ఆడారు.

కోచ్‌లు ఇక్కడ తెలుసుకోవాల్సింది వైద్యం కాదు, అనుమానించడం. వారం దాటినా తగ్గని లేదా తగ్గి మళ్లీ వచ్చే జ్వరం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ల రక్తం, పాలిపోయిన ముఖం, మునుపు తేలిగ్గా చేసిన పరుగుకి ఆయాసం, రాత్రి నిద్ర లేపే ఎముక నొప్పి. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ల్యుకేమియానే, దాని ఎముక నొప్పిని ‘ఎదిగే వయసు నొప్పులు’ అని కొట్టిపారేయడం తేలిక. బద్ధకం అని అదనంగా పరుగెత్తించడం అంతకంటే పెద్ద తప్పు. పైవాటిలో రెండు కలిసి కనిపిస్తే శిక్షణ ఆపి, తల్లిదండ్రులతో మాట్లాడి డాక్టర్ దగ్గరికి పంపండి. మొదటి పరీక్ష సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష), ఏ చిన్న ల్యాబ్‌లోనైనా జరుగుతుంది.

చికిత్స ముగిసి వచ్చిన కుర్రాణ్ని కూడా కోచ్ తన అంచనాతో మైదానంలోకి దింపకూడదు. కొన్ని కీమో మందులు గుండె కండరాన్ని దెబ్బతీయగలవు, స్టెరాయిడ్లు ఎముకని, కండని పలచబరుస్తాయి. ఎకో పరీక్ష, చికిత్స చేసిన డాక్టర్ రాతపూర్వక అనుమతి రెండూ ఉండాలి. పెట్రోవ్ విషయమే చూడండి. వెటరన్ లీగుల్లో ఆడుతూ శరీరాన్ని తెచ్చుకుని, 2016 వేసవిలో 37 ఏళ్ల వయసులో విల్లా ప్రీసీజన్ శిక్షణలో చేరాడు, స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడాడు. రొబెర్తో డి మత్తేయో అప్పటి కోచ్. కాంట్రాక్ట్ రాలేదు. మామూలు మనిషి ఆరోగ్యానికీ, రెండో డివిజన్‌లో వారానికి రెండు మ్యాచ్‌ల శరీరానికీ మధ్య ఉన్న దూరం అది.

కోచ్‌గా

ఆట మానేశాక పెట్రోవ్ విల్లా అండర్-21 జట్టు కోచింగ్ సిబ్బందిలో పనిచేశాడు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి అమల్లో ఉన్న అకాడమీ పద్ధతిలో పిల్లల్ని మూడు దశలుగా చూస్తారు: 11 ఏళ్ల దాకా పునాది, 12 నుంచి 16 వికాసం, ఆపైన వృత్తి దశ. అండర్-21 ఆ ఆఖరి దశ. అక్కడున్న కుర్రాడికి పాస్ ఎలా ఇవ్వాలో చెప్పక్కర్లేదు. పైజట్టులో అతనికి ఏ చోటు దొరకొచ్చో, దానికోసం తన ఆటలో దేన్ని వదులుకోవాలో చెప్పాలి. దాడిలో పది గోల్స్ కొట్టే అలవాటున్న 19 ఏళ్ల వాణ్ని ‘నువ్వు ఆగు’ అని ఒప్పించడం అన్నిటికంటే కష్టం. ఆ పని రెండు వైపులా చేసినవాడు చెబితే వింటారు.

వినడం వేరు, నేర్చుకోవడం వేరు. పెద్ద ఆటగాళ్లు కోచ్‌లయ్యాక ఎక్కువగా తప్పేది ఇక్కడే. జవాబు వాళ్లకు కనిపిస్తుంది, అందుకే ఆట ఆపి జవాబు చెప్పేస్తారు. కుర్రాడు తల ఊపుతాడు, మళ్లీ అదే తప్పు. యూరప్ కోచింగ్ లైసెన్సుల మెట్లు ఇందుకే పొడుగ్గా ఉంటాయి: సీకి కనీసం 60 గంటలు, బీకి 120, ఏకి 180, ప్రోకి 360. వంద అంతర్జాతీయ మ్యాచ్‌లు దాటినవాడైనా కూర్చుని నేర్చుకోవాల్సింది ఆట కాదు, ఆపడం ఎప్పుడు, అడగడం ఎలా అన్నది.

అండర్-17, అండర్-21 వాళ్లతో సెషన్ నడిపేటప్పుడు పదిహేను నిమిషాల ఆటలో మూడుసార్లకు మించి ఆపకండి. ఆపినప్పుడు 30 సెకన్లు దాటకూడదు, మొదటి వాక్యం ప్రశ్నగా ఉండాలి: ‘బంతి వాడి కాలు వదిలినప్పుడు నీ వెనక ఎవరున్నారు?’ తెలియదంటే మీరు చెప్పొద్దు. అదే చోట, అదే మనుషులతో బంతిని మళ్లీ నడిపించండి. వీడియో చూపిస్తే ఒక్కొక్కరికి మూడు క్లిప్పులు, అందులో ఒకటి తప్పకుండా అతను సరిగా చేసింది. నాలుగో క్లిప్‌కి కుర్రాళ్ల చూపు ఫోన్ మీదికి పోతుంది.